కుక్కకు క్షవరం సరే – కుర్రాడి చేతిలో ఎంత?

గవర్నర్‌పేట (విజయవాడ): కుక్కకు క్షవరమా? దానికి వందల రూపాయల బిల్లా? ఆ పైన పని చేసిన కుర్రాడికి టిప్పు కూడానా? పల్లెలో రచ్చబండ దగ్గర ఈ మాట అంటే పెద్దవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. "మనిషి క్షవరానికే వారం వారం వాయిదా వేసుకుంటాం, ఇదేం చోద్యం?" అంటారు. చోద్యమే కావచ్చు. కానీ నవ్వి ఊరుకోవలసిన విషయం మాత్రం కాదు.

కృష్ణా జిల్లా 2022 ఏప్రిల్‌లో రెండయినా, ఉయ్యూరు వారికైనా, గుడివాడ వారికైనా, నందిగామ, మైలవరం వారికైనా పెద్ద బజారు బెజవాడే. బట్టలకు వచ్చినా, డాక్టరు దగ్గరకు వచ్చినా ఏలూరు రోడ్డు, బీసెంట్ రోడ్డు తొక్కకుండా తిరిగి వెళ్ళేవారు తక్కువ. ఇప్పుడు ఆ పనుల జాబితాలో బొచ్చుకుక్క కూడా చేరింది. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు ముచ్చటపడి కొన్న కుక్క చివరికి ఊళ్ళో అమ్మానాన్నల దగ్గరకు చేరుతుంది. వీధి కుక్కలాగా అది తన ఒళ్ళు తాను చూసుకోలేదు. బొచ్చు ఉండలు కడుతుంది, గోళ్ళు వంకర పోతాయి, చెవులు చీము పడతాయి. తీసుకెళ్ళక తప్పదు.

తీసుకెళ్ళాక పని అవుతుంది, బిల్లు కడతారు. బయటకు వచ్చేటప్పుడు కుక్కను ఎత్తుకొచ్చి చేతికందించిన కుర్రాడు ఒక్క క్షణం ఆగుతాడు. ఏమివ్వాలి? ఇవ్వాలా వద్దా? ఇస్తే ఎంత? ఇక్కడే పెద్దమనుషులు కూడా తడబడుతున్నారు. కొందరు చూడనట్లు నడిచిపోతారు. కొందరు గొప్పకు పోయి అయిదు వందల నోటు తీస్తారు. కొందరు అయిదు రూపాయల బిళ్ళ పెట్టి, "టీ తాగరా" అంటారు. ఈ మూడూ సరైన పద్ధతులు కావు.

మేర, మామూలు, బక్షీసు

ఇవ్వడం మన డెల్టాకు కొత్త విద్య కాదు. కళ్ళంలో ధాన్యం రాశి పోసినప్పుడు కమ్మరికి, వడ్రంగికి, రజకునికి, క్షౌరవృత్తి వారికి మేర కొలిచాకే గింజలు గాదెకు చేరేవి. అది దానం కాదు, ఏడాది పొడుగునా చేసిన పనికి రావలసిన హక్కు. అదే కళ్ళంలో ఆసామి మనసు కలిగి మరో చేటెడు గింజలు పోస్తే అది ఇష్టంగా ఇచ్చింది. హక్కు వేరు, ఇష్టం వేరు అన్నది ఆనాడు చదువురాని వాడికీ తెలుసు.

పశువుల అలంకారానికి కూడా మన దగ్గర పద్ధతి ఉంది. కనుమ నాడు ఎడ్లను కాలువలో రుద్ది కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో మువ్వలు కట్టి, పసుపు కుంకుమలు పెట్టేవాడు పాలేరు. ఆ రోజు ఆసామి అతనికి కొత్త పంచె పెట్టడం, కడుపు నిండా పిండివంటలతో భోజనం పెట్టడం రివాజు. ఎద్దును చూసి ఊరంతా మెచ్చుకుంటే, ఆ మెప్పులో కడిగినవాడి వాటా అది. ఇప్పటికీ ఎడ్ల పందేలలో జత గెలిస్తే దాన్ని మేపి, తోమి, నడిపించినవాడిని వట్టి చేతులతో పంపే ఆసామి ఉండడు. ఉంటే నలుగురూ వేలెత్తి చూపుతారు.

ఇక గవర్నర్‌పేటలాంటి బజారుకు వస్తే ఈ ఇచ్చే పద్ధతికి పట్నం పేర్లు వచ్చాయి. హోటల్లో సర్వరుకు టిప్పు, లాడ్జిలో బాయికి బక్షీసు, సెలూన్‌లో పైన చిల్లర. దాంతోపాటే ఆఫీసులో బంట్రోతుకు "మామూలు" అనే పాడు అలవాటూ వచ్చింది. ఇష్టంగా ఇచ్చేదీ, భయపడి ఇచ్చేదీ ఒకే జేబులోంచి పోవడంతో రెండింటికీ తేడా చెరిగిపోయింది. కుక్కను కడిగిన కుర్రాడికి ఇచ్చే యాభై రూపాయల దగ్గర ఈ తేడాను మళ్ళీ గుర్తు చేసుకోవచ్చు.

ఆ పని ఎంత కష్టమో

"కుక్కకు నీళ్ళు పోయడం ఒక పనా?" అనేవారు ఒక్కసారి ఆ గది తలుపు దగ్గర నిలబడి చూడాలి.

ముందు బొచ్చు దువ్వాలి. నెలల తరబడి దువ్వని బొచ్చు చర్మానికి అంటుకుని అట్ట కడుతుంది. దాన్ని లాగితే కుక్కకు నొప్పి, నొప్పి పుడితే కరుస్తుంది. కత్తెర పెడితే చర్మం తెగే ప్రమాదం. ఒక్కొక్క ఉండను వేళ్ళతో విడదీసి తీయాలి. గోళ్ళు తీయడం మరీ కష్టం. కుక్క గోరు లోపల కొంత మేర రక్తనాళం ఉంటుంది. తెల్లగోరు అయితే గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్లగోరు అయితే కనిపించదు. వెంట్రుకవాసి ఎక్కువ కోస్తే రక్తం కారుతుంది. చెవులు తుడవాలి. వేళ్ళ సందుల్లో, చెవుల మడతల్లో దాక్కున్న గోమార్లు, పిడుదులు ఏరాలి. స్నానం తర్వాత గాలి యంత్రంతో ఆరబెట్టాలి. ఆ మోతకు బెదిరిన కుక్కను బుజ్జగించి పట్టుకోవాలి. తడి సరిగా ఆరకపోతే బెజవాడ ఉక్కకు చర్మం పాడవుతుంది. ముప్ఫై కిలోల లాబ్రడార్‌ను బల్ల మీదకు ఎత్తి దించడం బస్తా ఎత్తడం లాంటిదే. బస్తా అయితే కరవదు, అంతే తేడా.

నేర్పున్నవాడిని గుర్తుపట్టే చోటు ఇంకొకటి ఉంది. వేసవి వచ్చిందంటే చాలామంది, "గుండు కొట్టేయండి, చల్లగా ఉంటుంది" అంటారు. పొమేరియన్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ లాంటి వాటికి బొచ్చు రెండు వరుసలు. పై వరుస ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది. లోపల రాలిన మెత్తని బొచ్చును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, కుక్క హాయిగా ఉంటుంది. నున్నగా గొరిగితే చర్మం ఎండకు మాడుతుంది, మళ్ళీ బొచ్చు సరిగా రాకపోవచ్చు కూడా. గుండు కొట్టడం కుర్రాడికి సులువు, తొందరగా అయిపోతుంది. అయినా, "వద్దండీ, దువ్వి తీస్తాను" అని మరో గంట నిలబడి చేసేవాడు ఉంటాడు. టిప్పుకు అసలైన అర్హుడు అతనే.

అన్నిటినీ మించింది కాటు. కుక్కకు టీకా వేయించామో లేదో కూడా చెప్పకుండా అప్పజెప్పే యజమానులు కొందరున్నారు. రేబిస్ లక్షణాలు బయటపడిన తర్వాత మనిషి బతకడం దాదాపు అసాధ్యమన్న సంగతి అందరికీ తెలిసిందే. కాటు పడిన వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. రోజూ కుక్కలను పట్టుకునే పనిలో ఉన్నవారు కాటు పడకముందే టీకాలు వేయించుకోవడం మంచిదని వైద్యులు చెబుతారు. ఆ కుర్రాడికి ఎవరైనా వేయించారా అని అడిగే వినియోగదారు ఎంతమంది?

ఎంత ఇవ్వాలి? ఎలా ఇవ్వాలి?

దీనికి రాసిపెట్టిన చట్టం లేదు, ఉండకూడదు కూడా. అయితే నలుగురూ ఒప్పుకోదగ్గ పద్ధతి ఉండవచ్చు.

బిల్లులో పదోవంతు ఇస్తే గౌరవంగా ఉంటుంది. బిల్లు 800 రూపాయలైతే 80, లేదా చిల్లర చూసుకుని 100. గోళ్ళు మాత్రమే తీయించుకుంటే 20, 30 చాలు. కుక్క మొండిదైనా, కరిచే రకమైనా, బొచ్చు అట్టలు కట్టినా పదోవంతుకు మించి ఇవ్వాలి. ఆ అట్టలు కట్టింది కుర్రాడి తప్పు వల్ల కాదు, ఇంట్లో దువ్వకపోవడం వల్ల. ఇంటికే వచ్చి చేసేవారికి ముందు మంచినీళ్ళు, కూర్చోవడానికి నీడ, ఆ తర్వాతే డబ్బు మాట.

ఇచ్చేది పని చేసినవాడి చేతికే ఇవ్వాలి. కౌంటరు దగ్గర బిల్లుతో కలిపి ఫోన్‌పేలోనో, గూగుల్‌పేలోనో పంపితే అది దుకాణం ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి కుర్రాడికి చేరుతుందో లేదో ఇచ్చినవారికి తెలియదు. నోటు చేతిలో పెట్టడం మేలు. లేదా అతని సొంత నంబరు అడిగి దానికే పంపాలి. ఇద్దరు కలిసి చేస్తే ఇద్దరికీ చెప్పి ఇవ్వాలి. ఒకడు కడిగి, ఇంకొకడు అప్పజెప్పినప్పుడు అప్పజెప్పినవాడికే మొత్తం పోవడం తరచూ జరిగే అన్యాయం. కడిగినవాడు వెనక గదిలో తడి బట్టలతో ఉండిపోతాడు.

దుకాణం యజమానే స్వయంగా పని చేస్తే టిప్పు ఇవ్వనక్కర లేదు. అతని కష్టం బిల్లులోనే ఉంది. బేరం ఆడకుండా కట్టడమే మర్యాద. "పక్క దుకాణంలో రెండు వందలు తక్కువ" అని వాదించి బిల్లు తగ్గించుకుని, ఆ తగ్గిన దాంట్లోంచి యాభై తీసి కుర్రాడికిచ్చి ఉదారులమనుకోవడం మర్యాద కాదు. యజమాని జేబులో కోత పెడితే అది రేపు కుర్రాడి జీతంలోనే కనిపిస్తుంది.

ఇచ్చే తీరు కూడా ముఖ్యం. "ఒరేయ్, ఇదిగో" అని విసిరిన వంద కంటే, "బాగా చేశావు బాబూ" అని పెట్టిన యాభై విలువైనది. ఇవ్వలేని పరిస్థితి ఉంటే సిగ్గుపడనక్కర లేదు. కూలి డబ్బుల్లోంచి కుక్క వైద్యానికి ఖర్చు పెట్టే పేదలూ ఉన్నారు. అలాంటివారు చెప్పిన వేళకు రావడం, కుక్క కరుస్తుందా లేదా అన్నది దాచకుండా చెప్పడం, టీకా చీటీ చూపించడం, పని బాగుంటే యజమాని ఎదుట కుర్రాడి పేరు చెప్పి మెచ్చుకోవడం చేస్తే చాలు. కరిచే కుక్కను "అబ్బే, ఏమీ అనదు" అని అప్పజెప్పి, వెళ్ళేటప్పుడు రెండు వందలిచ్చినా ఆ పాపం పోదు.

పని బాగా లేకపోతే? చెవి తెగినా, గోరు నుంచి రక్తం కారినా మొహమాటానికి టిప్పు ఇవ్వకూడదు. అక్కడే నిలబడి చెప్పాలి, సరిచేయించుకోవాలి. టిప్పు మెప్పుకు గుర్తు. మెప్పు లేని చోట అది అబద్ధం అవుతుంది.

అమెరికా పద్ధతి మనకెందుకు?

అమెరికాలో ఉన్న పిల్లలు ఊరికి వచ్చినప్పుడు ఇంకో లెక్క చెబుతారు. అక్కడ కుక్క క్షవరానికి వంద డాలర్లయితే పదిహేను నుంచి ఇరవై డాలర్లు టిప్పు ఇవ్వడం మామూలేనట. ఇవ్వకపోతే మర్యాద తెలియనివారి కింద జమ కడతారు. వినడానికి బాగానే ఉంది. కానీ దాని వెనక ఉన్న సంగతి కూడా తెలుసుకోవాలి. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం టిప్పులు వచ్చే ఉద్యోగులకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగతా కనీస వేతనం టిప్పులతో నిండాలి. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. కొన్ని రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువ ఇప్పిస్తున్నాయి గానీ, కేంద్ర చట్టం మాత్రం అలాగే ఉంది. అంటే హోటళ్ళలాంటి చోట్ల జీతం ఇవ్వవలసిన భారం యజమాని మీద నుంచి వచ్చిపోయేవారి మీదకు జారింది. జపానులో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడ టిప్పు ఇవ్వబోతే తిరిగి ఇచ్చేస్తారు. పనికి తగిన ధర బిల్లులోనే ఉందన్నది వారి మాట.

మనం ఆ కొసకూ పోనక్కర లేదు, ఈ కొసకూ పోనక్కర లేదు. జీతం యజమాని ఇవ్వాలి, మెప్పు మనం ఇవ్వాలి. ఈ మాటకు మన దేశంలో బలమూ ఉంది. హోటళ్ళు బిల్లులో సర్వీసు చార్జీని బలవంతంగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. హోటళ్ళ గురించి చెప్పినదైనా అందులోని న్యాయం అందరికీ ఒకటే. ఇష్టంగా ఇచ్చేదాన్ని బిల్లులో అచ్చువేసి వసూలు చేయకూడదు. టిప్పు యజమాని ఇచ్చే జీతం కాదని 2016లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అది ఆదాయపు పన్ను వ్యవహారమే అయినా సూత్రం గమనించదగ్గది.

యజమానులు ఆలోచించాలి

కాబట్టి, "మా దగ్గర జీతం తక్కువే, కానీ టిప్పులు బాగా వస్తాయి" అని చెప్పి పల్లె కుర్రాళ్ళను పనిలో పెట్టుకునే పద్ధతి ఎక్కడ ఉన్నా అది తప్పు. వచ్చిపోయేవారి మనసు మీద ఆధారపడి ఇంటి అద్దె కట్టలేరు. పండుగ ముందు బేరం ఉంటుంది, వానాకాలంలో ఉండదు. బేరం లేని నెలలో కూడా అతనికి మూడు పూటలా ఆకలి వేస్తుంది. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కనీస వేతనం కొన్ని జాబితా పనులకే కాక అన్ని రకాల పనివారికీ వర్తించాలన్నది దాని ఉద్దేశం. కుక్కలను కడిగే పని అందులోంచి మినహాయింపు కాదు.

పదిమంది కూడా లేని చిన్న దుకాణాలకు సాధారణంగా ఈఎస్ఐ వర్తించదు. అందుచేత కాటు పడితే, చెయ్యి చీరుకుపోతే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న గాలిలో ఉంటుంది. రేబిస్ టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరకవచ్చు. కానీ పోయిన పనిరోజుల కూలి ఎవరిస్తారు? ముందస్తు టీకాలు, మందపాటి చేతి తొడుగులు, కరిచే కుక్కకు మూతి బుట్ట, కాటు పడిన రోజుల జీతం – ఈ నాలుగూ యజమాని బాధ్యత. ఇవి ఇవ్వని చోట మనం ఎంత టిప్పు ఇచ్చినా అది చిల్లు కుండలో పోసిన నీరే.

ఇవ్వకూడని చోటు

చివరగా, పల్లెవారు మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఉంది. కుక్క దుకాణంలో టిప్పు ఇచ్చిన చేయి అదే ఊపులో ప్రభుత్వ పశువైద్యశాలలోనూ జేబులోకి పోకూడదు. లబ్బీపేటలోని ఎన్టీఆర్ పశువైద్యశాల గానీ, 1998లో ఏర్పడిన గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి గానీ, ఊరి పశువైద్యశాల గానీ ప్రజల డబ్బుతో నడిచేవి. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం కూడా అంతే. రుసుము ఉంటే రశీదు ఇస్తారు. రశీదు లేనిది కట్టనక్కర లేదు.

"గేదె ఈనలేక అవస్థ పడుతోంది, ఓ రెండు వందలు చేతిలో పెడితే తొందరగా చూస్తారు" అనుకోవడం సహజం. కానీ ఆ రెండు వందలు ఇవ్వలేని పక్కింటి పేదరాలి మేక ఆ రోజు వరసలో వెనక్కి పోతుంది. ఒక ఇంటి నుంచి మొదలైన మామూలు ఊరంతటికీ పన్ను అవుతుంది. అంతేకాదు, అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం పుచ్చుకున్నవారే కాదు, ఇచ్చినవారు కూడా శిక్షకు అర్హులే. బలవంతం మీద ఇవ్వవలసి వస్తే ఏడు రోజుల్లోగా పోలీసులకో, దర్యాప్తు సంస్థకో తెలియజేస్తే చట్టం కాపాడుతుంది. నిజాయితీగా పని చేసే పశువైద్యులు, సహాయకులు ఎందరో ఉన్నారు. వారికి ఇవ్వదగినది నోటు కాదు, నలుగురిలో మంచిమాట, పై అధికారికి ఒక ఉత్తరం.

తేడా తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర లేదు. పని కాకముందు ఇచ్చేది లంచం, పని అయ్యాక ఇచ్చేది టిప్పు అని కొందరు తేలిక లెక్క చెబుతారు. అది పూర్తి లెక్క కాదు. ప్రభుత్వ పనికి ముందిచ్చినా తర్వాత ఇచ్చినా తప్పే. ఇవ్వకపోతే పని ఆగుతుందన్న భయం ఉందా? ఉంటే అది మామూలు, దాన్ని ఆపాలి. ఇవ్వకపోయినా పని జరుగుతుంది, అయినా ఇవ్వాలనిపించిందా? ప్రైవేటు పనివాడైతే సంతోషంగా ఇవ్వాలి.

కళ్ళంలో మేర కొలిచిన డెల్టా ఇది. కడిగిన చేతికి కనుమ నాడు పంచె పెట్టిన నేల ఇది. ఎద్దు పోయి బొచ్చుకుక్క వచ్చినా, కాలువ గట్టు పోయి నున్నటి గచ్చు గది వచ్చినా, వంగి కడిగే నడుము మన పల్లె కుర్రాడిదే. జీతం సరిగా ఇవ్వమని దుకాణం యజమానిని అడగడానికి, పని బాగుందని కుర్రాడికి చెప్పడానికి, ఆఫీసులో మామూలు ఇవ్వనని నిలబడడానికి రైతులు సంకోచించనక్కర లేదు.